కప్ప గొంతు ఎవరిది?

పిల్లలూ! పాత సైకిలు టైరును కర్రతో దొర్లిస్తూ మీరెప్పుడైనా పరుగెత్తారా? పరుగెత్తి ఉంటే, నోటితో "డుర్ర్‌ర్‌ర్" అని మోత కూడా చేసే ఉంటారు.

కడప జిల్లా వేంపల్లెలో అలాంటి కుర్రవాణ్ణి ఒకణ్ణి ఊహించుకోండి. వాడికి టైరు కూడా లేదు. చేతులు రెండూ ముందుకు చాచి, లేని హ్యాండిలు పట్టుకుని, గండి రోడ్డున పోతున్నట్టు మలుపుల్లో పక్కకు వంగుతూ, ఎత్తు వచ్చినచోట గొంతు సాగదీస్తూ పోతున్నాడు. అరుగు మీద కూర్చున్న వాళ్ల అవ్వ, "ఏందిరా ఆ మోత! చెవులు పగిలిపోతాండాయి," అని కసిరింది.

ఆ అవ్వకు తెలియదు గాని, సరిగ్గా అటువంటి మోతే ఒకటి ఎన్నో దేశాలు తిరిగి, పెద్ద పెద్ద గాయకుల పాటలను కూడా వెనక్కి నెట్టింది. ఆ కథ వినండి. దానికి రెండు మొదళ్లు ఉన్నాయి. ఒకటి సంగీతం, రెండోది చప్పుడు.

మొదటిది 1984లో జరిగింది. ఆ ఏడు అమెరికాలో "బెవర్లీ హిల్స్ కాప్" అనే సినిమా వచ్చింది. అందులో కథానాయకుడు ఆక్సెల్ ఫోలీ అనే పోలీసు డిటెక్టివు. దానికి సంగీతం కూర్చినవాడు జర్మనీలోని మ్యూనిక్ నగరంలో పుట్టిన హెరాల్డ్ ఫాల్టర్‌మేయర్. ఆయన కథానాయకుడి కోసం ఒక వరస కట్టి, దానికి "ఆక్సెల్ ఎఫ్" అని పేరు పెట్టాడు. అందులో మాటలు లేవు. పాడేవాళ్లు లేరు. ఫిడేలూ లేదు, వేణువూ లేదు. అంతా సింథసైజర్లూ, డ్రమ్ మెషీనూను.

సింథసైజరు అంటే ఏమిటి? వీణలో తీగ కంపిస్తుంది. డోలులో చర్మం కంపిస్తుంది. సింథసైజరులో కంపించేది విద్యుత్తు. ఆ కంపనం లౌడుస్పీకరులోని అట్టను ఆడిస్తుంది, అట్ట గాలిని ఆడిస్తుంది, అది మన చెవికి ధ్వనిగా చేరుతుంది. విద్యుత్తు సెకనుకు ఎక్కువసార్లు ఊగితే స్వరం హెచ్చుతుంది. తక్కువసార్లు ఊగితే తగ్గుతుంది.

ఆ తరవాత ఫిల్టరు అనే భాగం ఆ ధ్వనిలో కొంత అణచివేసి, కొంత ఉంచుతుంది. ఇది ఎలా ఉంటుందో మీ నోటితోనే తెలుసుకోవచ్చు. ఒకే శ్రుతిలో "ఈ" అని లాగి, ఆపకుండా "ఊ" లోకి మార్చండి. శ్రుతి మారలేదు, కాని ధ్వని మారింది. మారినదల్లా మీ నోటి ఆకారమే. సింథసైజరులో ఫిల్టరు చేసేది ఇలాంటి పనే.

1985లో ఈ వరస రికార్డుగా బ్రిటన్‌లో అమ్మకాల పట్టికలో రెండో స్థానం దాకా ఎక్కింది. మొదటి స్థానం మాత్రం దక్కలేదు.

ఇక రెండో మొదలు. 1997లో స్వీడన్ దేశంలో డేనియల్ మాల్మెడాల్ అనే 17 ఏళ్ల కుర్రవాడు, స్నేహితుడి మోపెడ్ చేసే చప్పుడును నోటితో అనుకరించి రికార్డు చేశాడు. అది టూ-స్ట్రోక్ ఇంజను బండి. మన ఊళ్లలో తిరిగిన పాత టి.వి.ఎస్. ఫిఫ్టీ కూడా ఆ జాతిదే. ఇటువంటి ఇంజనులో ఇరుసు ఒక్కొక్క చుట్టు తిరిగినప్పుడల్లా ఒక చిన్న పేలుడు జరుగుతుంది. ఫోర్-స్ట్రోక్ ఇంజనులోనైతే రెండు చుట్లకు ఒక్క పేలుడే. లెక్క వేసి చూడండి. ఇరుసు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే టూ-స్ట్రోక్ ఇంజనులో సెకనుకు 50 పేలుళ్లు, ఫోర్-స్ట్రోక్ ఇంజనులో 25. అందుకే ఆ పాత మోపెడ్లకు అంత గుక్క తిప్పుకోని చప్పుడు! దాన్ని నోటితో పలికించడం తేలిక కాదు. మాల్మెడాల్ పలికించాడు.

అతను ఆ మోతను టెలివిజన్‌లో కూడా వినిపించాడు. తరవాత అది ఇంటర్నెట్టుకెక్కి, ఒకరి నుంచి ఒకరికి పాకిపోయింది. చప్పుడైతే పోయింది గాని, కుర్రవాడి పేరు దాని వెంట పోలేదు.

2003లో ఎరిక్ వెర్న్‌క్విస్ట్ అనే మరో స్వీడన్ దేశస్థుడు ఆ మోత విన్నాడు. ఆయన కంప్యూటరుతో బొమ్మలను ఆడించేవాడు. ఆ మోతకు తగ్గట్టు, హెల్మెట్టూ కళ్లజోడూ పెట్టుకున్న ఒక వింత జంతువును సృష్టించాడు. దాని కింద బండి లేదు. మన వేంపల్లె కుర్రవాడి లాగే అది లేని హ్యాండిలు పట్టుకుని, గాలిలో బండి తోలుతుంది. తరవాత దాన్ని వ్యాపారానికి పెట్టినవాళ్లు "క్రేజీ ఫ్రాగ్", అంటే పిచ్చి కప్ప, అని పేరు పెట్టారు.

కప్ప గొంతు ఎవరిదో వెర్న్‌క్విస్ట్‌కు తెలియదు. అందుచేత ఆయన "అజ్ఞాత వ్యక్తి" అని రాశాడు. కొన్నాళ్లకు, ఆ గొంతు మాల్మెడాల్‌దని ఆయనకు తెలియవచ్చింది. కాని నమ్మడం ఎలా? సాక్షులూ, వాదనలూ అక్కర్లేకపోయాయి. మాల్మెడాల్ అప్పటికప్పుడు నోటితో ఆ మోత చేసి వినిపించాడు! వెర్న్‌క్విస్ట్ ఆశ్చర్యపడి, ఒప్పుకుని, అతని పేరు చేర్చాడు. మర్యాదరామన్న దగ్గరికి వచ్చిన తగవైనా ఇంతకన్న బాగా తీరి ఉండేది కాదు.

2005లో రెండు మొదళ్లూ కలిశాయి. జర్మనీకి చెందిన బాస్ బంపర్స్ అనే బృందం "ఆక్సెల్ ఎఫ్" వరసను తీసుకుని, వేగం పెంచి, నడుమ నడుమ మోపెడ్ మోతను కలిపి, కప్ప పేరుతో కొత్త రికార్డు తయారుచేసింది. ఒకరు చేసిన పాటను మరొకరు మళ్లీ పాడి గాని, వాయించి గాని రికార్డు చేస్తే దాన్ని "కవర్" అంటారు. ఈ కవర్ బ్రిటన్‌లో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. పేరుమోసిన కోల్డ్‌ప్లే బృందం పాట కూడా దాన్ని దాటలేకపోయింది. ఇరవై ఏళ్ల కిందట అసలు వరస ఎక్కలేని ఆ ఒక్క మెట్టూ కప్ప ఎక్కింది! దాని వీడియోను యూట్యూబులో వందల కోట్ల సార్లు చూశారు. చాలామంది పెద్దవాళ్లు మాత్రం వేంపల్లె అవ్వ లాగే చెవులు మూసుకున్నారు.

రెండు రికార్డులూ పక్కపక్కన వినండి. ధ్వని వేరు, వేగం వేరు. అయినా వరస ఒకటేనని ఇట్టే పోల్చుకుంటాం. ఎందుచేత? వరస వాద్యంలో ఉండదు. ఒక స్వరానికీ తరవాతి స్వరానికీ ఎంత ఎడం, ఏ స్వరం ఎంతసేపు నిలవాలి అనే లెక్కలో ఉంటుంది. ఆ లెక్క కట్టినవాడు ఫాల్టర్‌మేయర్. అందుచేత కప్ప రికార్డుకు కూడా స్వరకర్తగా ఆయన పేరే ఉంది.

మన దేశంలోనూ ఇందుకు చట్టం ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించారు. దాని ప్రకారం కవర్ చేయదలిచినవాడు మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు ఆగాలి. హక్కుదారుకు ముందుగా తెలియజేసి, రాయల్టీ చెల్లించాలి. అది కవర్ అని రికార్డు అట్ట మీద రాయాలి. అసలు గాయకుడి పేరూ, బొమ్మా వేసి కొనేవాళ్లను భ్రమ పెట్టకూడదు.

మరి మన కడప సీమ మాట చూద్దాం. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి ఉండగా తిరుమలలో దొరికాయి. వాటిలో మాటలున్నాయి, రాగాల పేర్లున్నాయి; స్వరాలు లేవు. ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు వాటిలో ఎన్నిటికో వరసలు కట్టారు. కప్ప పాటలో వరస నిలిచి ధ్వని మారింది. ఇక్కడ మాటలు నిలిచి, వరసలు కొత్తగా వచ్చాయి. ఆ కీర్తనలు పాడేటప్పుడు అన్నమయ్య పేరు అందరమూ చెబుతాం. వరస కట్టినవారి పేరు ఎందరం చెబుతాం?

మాల్మెడాల్ మోతకు అతని పేరు తోడు కావడానికి ఆరేళ్లకు పైగా పట్టింది. అతని నోట ఆ మోత ఇంకా పలుకుతున్నది కాబట్టి సరిపోయింది. లేకపోతే కప్ప గొంతు ఎవరిదో ఈనాటికీ తెలియకపోను.

అందుచేత, ఈసారి బడి వార్షికోత్సవంలో మీరు ఏ పాటకు డాన్సు కట్టినా, ఆ పాట ఎవరు రాశారో, వరస ఎవరు కట్టారో, ఎవరు పాడారో ముందుగా కనుక్కోండి. ఇంట్లో అమ్మనూ నాయననూ అడగండి. వాళ్లకూ తెలియకపోతే కలిసి వెతకండి. స్టేజీ ఎక్కినాక ఆ మూడు పేర్లూ చెప్పి, తరవాత పాట మొదలుపెట్టండి. అర నిమిషం కూడా పట్టదు.