గడ్డికీ గోత్రం పట్టింపే!

పెళ్లి సంబంధం అనగానే పెద్దలు ముందు అడిగేది ఇంటిపేరు, గోత్రం. పచ్చికబయల్లోని గడ్డి కూడా అచ్చం అలాగే ఆరా తీస్తుందంటే నమ్ముతారా?

బ్రిటన్, న్యూజిలాండ్‌లలో పాడిపశువులకు ప్రధాన మేత రైగ్రాస్. దీని పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. అయినా సొంత పుప్పొడితో గింజ కట్టదు. పొరుగు మొక్క పుప్పొడిని గాలి మోసుకురావాల్సిందే. అది కీలాగ్రంమీద వాలగానే తనిఖీ మొదలు. ఎస్, జడ్ అనే రెండు జన్యువుల గుర్తులూ తనవాటితో కలిశాయా... తలుపు మూసేస్తుంది. ఒక్కటి వేరుగా ఉన్నా రానిస్తుంది! రై పంటలో లుండ్‌క్విస్ట్, ఫలారిస్ గడ్డిలో హేమన్ 1950ల్లో ఈ గుట్టు విప్పారు. బలహీన సంతానం పుట్టకుండా ప్రకృతి పెట్టుకున్న కట్టుబాటిది.

చిక్కల్లా కరవొస్తేనే. నీరు చాలక పూత తగ్గుతుంది. అసలే గడ్డి పుప్పొడికి ఆయుష్షు తక్కువ, వేడిగాలికి ఇంకా త్వరగా ఎండిపోతుంది. సొంత పుప్పొడి పనికిరాదు, పొరుగుది అందదు. కంకి ఉన్నా గింజ ఉండదు. నష్టపోయేది విత్తనం పండించే రైతు.

ఎండ ముదిరితే మరో ముప్పు... కాపలా సడలుతుంది. అధిక ఉష్ణోగ్రతలో రైగ్రాస్ సొంత పుప్పొడినీ అంగీకరిస్తుందని 1992లో బ్రిటన్ పరిశోధకులు వెల్లడించారు. ప్రయోగశాలలో శుద్ధమైన వరసలు తయారుచేయడానికి ఇది వరమే. పొలంలో మాత్రం నీరసపు మొక్కలకు దారి.

అందుకే రైగ్రాస్ రకాన్ని ఒక్క మొక్కతో సరిపెట్టరు. వేర్వేరు తల్లిమొక్కల్ని కలిపి రూపొందిస్తారు. చుట్టూ అంతా చుట్టాలే అయితే, గాలి వీచినా సంబంధం కుదరదు మరి!