రాజమండ్రి ఇంటర్‌ట్రాపియన్ పొరలు

రాజమండ్రి ఇంటర్‌ట్రాపియన్ పొరలు గోదావరి డెల్టా తలభాగాన రెండు లావా ప్రవాహాల నడుమ చిక్కుకొన్న సున్నపురాయి, బంకమన్ను పొరలు. నదికి ఎడమగట్టున రాజమండ్రి శివారు కాతేరులోను, కుడిగట్టున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీలలోను ఇవి బయటపడ్డాయి. 2022 జిల్లాల పునర్విభజనకు ముందు కుడిగట్టు గ్రామాలు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేవి.

ఈ నల్లరాయి దక్కను లావాకు చెందినదే, కాని ప్రధాన దక్కను ప్రాంతానికి ఇది దాదాపు 400 కి.మీ. దూరంలో విడిగా ఉంది. పశ్చిమ కనుమల దిక్కున వెలువడిన లావా ప్రాచీన నదీలోయల వెంట ఇంతదూరం పారివచ్చిందని, మహాబలేశ్వరం రాళ్ళతో రసాయనిక పోలికలను బట్టి 2008లో కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. ఇదే నిజమైతే భూమిపై తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలలో ఇవి చేరతాయి. డెల్టా మట్టి కింద కూడా ఈ రాయి ఉంది. చమురు బావుల తవ్వకాలలో కనబడిన ఆ పొరకు భూగర్భశాస్త్రజ్ఞులు రాజోలు పేరు పెట్టారు.

శిలాజాలు

దక్కనులో ఇతరచోట్ల ఇటువంటి పొరలలో ఎక్కువగా మంచినీటి నత్తగుల్లలు దొరుకుతాయి. ఇక్కడ మాత్రం ఆల్చిప్పల వంటి ఉప్పుకయ్య జీవుల గుల్లలు ఉన్నాయి. అంటే అప్పట్లో సముద్రం ఈ చోటికి చేరువగా ఉండేదన్నమాట. దుద్దుకూరు దగ్గర కింది లావాకు అడుగున ఉన్న పొరలో సముద్రపు గుల్లలే ఉన్నాయి.

1860లో స్టీఫెన్ హిస్లాప్ ఇక్కడి గుల్లలను వర్ణించాడు. 1930లలో ఎస్. ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలను, కారా జాతి నాచు శిలాజాలను పరిశీలించారు. దక్కను లావా డైనోసార్ల కాలానిదా, ఆ తరువాతిదా అన్న పాత వివాదంలో ఈ పొరలు తరచు సాక్ష్యంగా నిలిచాయి.

2008లో గెర్టా కెల్లర్ బృందం క్వారీలలో కింది లావాకు సరిగా పైనున్న పొరను పరిశీలించింది. అందులో కనబడ్డవి డైనోసార్లు అంతరించిన వెంటనే పుట్టిన సూక్ష్మజీవులు. కనుక సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం నాటి ఆ మహావినాశనం సమయానికి కింది లావా ప్రవాహం ముగిసిందని, ఆ వినాశనంలో అగ్నిపర్వతాల పాత్ర పెద్దదని బృందం వాదించింది. మెక్సికోలోని చిక్సులుబ్ వద్ద పడిన గ్రహశకలమే ముఖ్యకారణమనే వారు దీనిని అంగీకరించరు. మొత్తం లావాలో ఎంత ముందు, ఎంత తరువాత వచ్చిందన్న విషయంలో 2019 నాటి రెండు వయోనిర్ణయ అధ్యయనాలు కూడా ఏకీభవించలేదు.

క్వారీలు

కంకరకు నల్లరాయి తవ్వకపోతే ఈ పొర ఇంత స్పష్టంగా కనబడేది కాదు. అయితే తవ్వకం ముందుకు సాగినకొద్దీ గతంలో పరిశీలించిన గోడలు కరిగిపోతాయి, వదిలేసిన గుంటలలో నీరు నిలుస్తుంది. అందుచేత ఒకసారి కొలిచి, నమూనాలు తీసిన చోటునే మళ్ళీ సరిచూడటం అన్నివేళలా సాధ్యం కాదు.