దిక్కులేని సమాధికీ ఒక దీపం

నవంబరు 2వ తేదీ కతోలిక క్రైస్తవులకు సకల ఆత్మల దినం. మన పల్లెల్లో దీన్నే సమాధుల పండుగ అంటారు. గుంటూరు జిల్లాలో ఫిరంగిపురం వంటి పాత విచారణల్లో ముందునుంచే శ్మశానంలో పని మొదలవుతుంది. పిచ్చిచెట్లు కొట్టిస్తారు, సమాధులకు సున్నం వేయిస్తారు. ఆ రోజున బంతిపూలు, చేమంతులు, కొవ్వొత్తులు, అగరువత్తులు పట్టుకొని ఇంటిల్లిపాదీ బయలుదేరతారు. గురువులు పవిత్ర జలం చల్లుతూ వరుస వెంట వస్తుంటే ఎవరి సమాధి దగ్గర వారు నిలబడతారు.

ఎవరి సమాధి దగ్గర వారు! చిక్కంతా అక్కడే ఉంది. ఈ పండుగ పుట్టింది మనవాళ్ల కోసం మాత్రమే కాదు.

సుమారు వెయ్యేళ్ల కిందట ఫ్రాన్సు దేశంలో క్లూనీ మఠానికి పునీత ఓడిలో అధిపతిగా ఉండేవారు. తమ మఠవాసులనూ, తమకు భూములిచ్చిన దాతలనూ తలచుకొని ప్రార్థించడం మఠాల్లో అప్పటికే ఉన్న ఆచారం. ఓడిలో ఆ జాబితాకు హద్దు తీసేశారు. సకల పునీతుల పండుగ మర్నాడు, విశ్వాసంతో కన్నుమూసిన వారందరి కోసమూ ప్రార్థించాలని తన మఠాలకు ఆజ్ఞ వేశారు. క్రమంగా అది శ్రీసభ అంతటా పాకింది. మన మహాలయ అమావాస్యలోనూ ఇటువంటి దయే కానవస్తుంది. చనిపోయిన తిథి తెలియని వారికి సైతం ఆ రోజు తర్పణం విడుస్తారు గదా.

ఈ దినాన ప్రతి గురువూ మూడు పూజలు చేయవచ్చు. స్పెయిను, పోర్చుగల్ దేశాలకు 1748లోనే దక్కిన ఈ వెసులుబాటును 1915లో 15వ బెనెడిక్టు పోపుగారు లోకమంతటికీ ఇచ్చారు. ప్రపంచ యుద్ధంలో నేలకూలుతున్న యువకులు అందుకు ఒక కారణం. రెండవ కారణం పాత బాకీ. తమ ఆత్మశాంతికి ఏటా పూజలు చేయించమని యూరప్‌లో ఎందరో గుళ్లకు ఆస్తులు రాసిపోయారు. తరువాత ఆ ఆస్తులు అన్యాక్రాంతమయ్యాయి, పూజలు ఆగిపోయాయి. ఆస్తి పోయింది గనుక మాట కూడా చెల్లిపోయిందని శ్రీసభ అనుకోలేదు. అందుకే మూడింటిలో ఒక్క పూజకే గురువు కానుక పుచ్చుకోవాలి. మిగతావాటిలో ఒకటి మృతులందరి కోసం, ఒకటి పోపుగారి ఉద్దేశం కోసం.

ఆ లెక్కన చూస్తే మన బాకీలూ తక్కువేమీ కావు. 1904లో హాలెండు నుంచి గుంటూరు వచ్చిన జె.ఎం.జె. మఠకన్యలు ఇక్కడ రోగులకు సేవచేశారు, పిల్లలకు చదువు చెప్పారు. బిడ్డలు లేని అటువంటి వారి సమాధికి పూలు తేవలసింది ఎవరు? వారి చేతి చలువతో బతికిన వారి మనవలే. ఊరూరా కాలినడకన తిరిగి జపాలు నేర్పిన ఉపదేశుల సంగతి మరీ అన్యాయం. వారిలో చాలామందికి పేరు చెక్కిన రాయి కూడా లేదు.

పిల్లలు హైదరాబాదు, అమెరికా వెళ్లిపోయిన ఇళ్లవారి సమాధులు పెచ్చులూడుతున్నాయి. కోవిడ్ కాలంలో అయినవాళ్లు దగ్గరికి రాలేకుండానే మట్టిలో కలిసినవారూ ఉన్నారు. నవంబరు 1 నుంచి 8 వరకు శ్మశానాన్ని దర్శించి మృతుల కోసం ప్రార్థిస్తే ఆ ఆత్మలకు ప్రత్యేక ఫలం దక్కుతుందని శ్రీసభ చెబుతుంది. 2020, 2021లలో జనం గుమిగూడకుండా ఆ గడువును నెలంతటికీ పొడిగించారు.

తమవాళ్ల సమాధి దగ్గర ప్రార్థన ముగించుకొని, పేరు చెరిగిపోయిన పక్క రాయి మీద కూడా నాలుగు పూలు వేసి, "ఎవరి తాలూకో పాపం" అంటూ కొవ్వొత్తి వెలిగించే ముసలమ్మలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఓడిలో ఎవరో వాళ్లకు తెలియదు.