అలకు ఆనే వైపు

కుళాయిని సన్నని ధారగా తిప్పి, చెంచాను రెండు వేళ్లతో కాడ పట్టుకుని వేలాడదీయండి. ఉబ్బెత్తు వీపును మెల్లగా ధారకు తాకించండి. నీళ్లు నెట్టేస్తాయనుకుంటాం, లాక్కుంటాయి! వంపును అంటిపెట్టుకుని పారే నీరు చెంచాను తనవైపు గుంజుతుంది. సర్ఫ్‌బోర్డు అడుగున జరిగే కథలో సగం ఇదే.

1937లో హొనొలులు కుర్రాళ్ల బోర్డులంటే బరువైన చెక్క పలకలే. కింద రెక్క లేదు, తోక వెడల్పు, అడుగు చదును. నిటారైన అల మీద వెనకభాగం పట్టు తప్పి పక్కకు జారిపోయేది. విసిగిపోయిన వాళ్లలో ఒకడు, జాన్ కెల్లీ, గొడ్డలి అందుకుని తోకను సన్నగా చెక్కేశాడు, దాని అడుగును ‘వి’ ఆకారానికి తెచ్చాడు. తోక నీళ్లలోకి దిగి అలను పట్టుకుంది. హాట్ కర్ల్ బోర్డు అలా పుట్టింది.

లెక్కలు తెచ్చినవాడు కాలిఫోర్నియాలో, కాల్టెక్‌లో చదివిన బాబ్ సిమన్స్. స్పీడుబోట్ల అడుగుల మీద లిండ్సే లార్డ్ 1946లో రాసిన పుస్తకం అతనికి దారి చూపింది. వేగం అందుకున్న బోటు నీటిని చీల్చుకుంటూ పోదు. కిందికి అదిమి, ఆ ఎదురుతోపుతో పైకి లేచి జారుతుంది. బోర్డూ అలాగే జారాలి. అడుగున లోతు తక్కువ గుంట తీస్తే, పక్కలకు పారిపోయే నీరు కొంత ఆగి వెనక్కి మళ్లుతుంది. బోర్డు ఇంకాస్త లేస్తుంది. ఉబ్బు పట్టు ఇస్తుంది, గుంట పరుగు ఇస్తుంది. సిమన్స్ 1954లో, 35 ఏళ్లకే, శాండియేగో దగ్గర అలల్లోనే చనిపోయాడు.

మరి ‘వి’ ఎప్పుడూ కాపాడుతుందా? 1967లో ఆస్ట్రేలియా నుంచి బాబ్ మెక్‌టావిష్ లోతైన ‘వి’ అడుగున్న పొట్టి బోర్డుతో హవాయికి వచ్చాడు. సన్‌సెట్ బీచ్ పెద్ద అలల మీద తోక జారిపోయింది. ముప్పై ఏళ్ల కిందట జారుడును ఆపిన ఆకారమే! తేడా వెడల్పులో ఉంది: కెల్లీ తోక సన్నం, ఇతనిది వెడల్పు. అదే బోర్డు మావీ దీవిలోని హొనొలువా బేలో అద్భుతంగా తిరిగింది. అడుగును ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకూడదని నా అభిప్రాయం.

ఇవాళ చాలా బోర్డుల్లో ముందు ఒక గుంట, రెక్కల దగ్గర జంట గుంటలు, తోకలో కొంచెం ‘వి’. ఎక్కడైనా బోర్డు కనిపిస్తే బోర్లించి, అడుగున స్కేలు అడ్డంగా పెట్టి చూడండి. కింద కనిపించే సందు కొన్ని మిల్లీమీటర్లే.