ఉన్నికి రంగు ఎట్లు పట్టును?

ఏలూరు పట్టణమున ఉన్ని తివాచీల నేత శతాబ్దములనుండి వచ్చుచున్న విద్య. ముస్లిం ప్రభువుల కాలమున పారశీక దేశపు నేతగాండ్రు ఇచట స్థిరపడిరనియు, వారితో ఈ విద్య వచ్చెననియు చెప్పుదురు. ఏలూరుకు తూర్పుననున్న తాడేపల్లిగూడెము ఉల్లిపాయల వ్యాపారమునకు ప్రసిద్ధము. దక్షిణమున కొల్లేరు కలదు. ఉన్ని, ఉల్లి, కొల్లేటి వన్నెలు - ఈ మూటిని ఆధారముగా చేసికొని అద్దకమునందలి ముఖ్యసూత్రములను ఇద్దరు మిత్రులు ఒక సెలవుదినమున స్వయముగా గ్రహింపవచ్చును.

కొల్లేటి గట్టున నిలిచినవారిని లకుముకిపిట్ట రెక్కల నీలము వెంటనే ఆకర్షించును. ఆ నీలము ఈకలోని రంగుపదార్థమువలన కలిగినది కాదు. ఈకయందలి అతిసూక్ష్మ నిర్మాణము వెలుగులోని నీలికిరణములను ఎక్కువగా వెనుకకు పంపుటచే అట్లు కనిపించును. ఈకను ఎంత ఉడికించినను నీరు నీలము కాదు. నేతగాడు అచట వన్నెల పొందికను నేర్చుకొనవచ్చును గాని, రంగును వేరొకచోట వెదకవలెను.

ఉల్లిపాయపై నుండు ఎండుపొరలో క్వెర్సెటిన్ అను పదార్థము కలదు. పొరలను నీటిలో మరిగించినచో రంగు దిగును. ఆ నీటిలో ముంచిన ఉన్నికి రంగు కొంత అంటును గాని, అది మసకగా నుండును, ఉతుకులకు తగ్గిపోవును. ముందుగా ఉన్నిని పటికనీటిలో కాచినచో ఫలితము మారును. పటికలోని అల్యూమినియము అయాను ఒకవైపు ఉన్నిలోని ప్రొటీనును, మరొకవైపు క్వెర్సెటిన్ అణువును పట్టుకొని రెంటికి నడుమ కొక్కెమువలె నిలుచును. ఇట్టి ద్రవ్యమును మోర్డెంటు అందురు. కరచుట అను అర్థముగల ఫ్రెంచి ధాతువునుండి ఈ మాట పుట్టినది.

ప్రయోగమునకు పది గ్రాముల తెల్లని ఉన్నిచిలుపలు మూడు కావలెను. ఒక మిత్రుడు రెండు చిలుపలను మూడు గ్రాముల పటిక కలిపిన నీటిలో, నీరు తెర్లకుండ, ఒక గంట కాచవలెను. రెండవ మిత్రుడు 30 గ్రాముల ఉల్లిపొరలను మరిగించి వడకట్టవలెను. పిదప మూడు చిలుపలను ఆ రంగునీటిలో ముప్పావుగంట ఉంచవలెను. పటిక పట్టిన చిలుపలలో ఒకదానిని చివర చిటికెడు అన్నభేది కలిపిన నీటిలో పది నిమిషములు ముంచవలెను. పటిక లేనిది మసకగాను, పటిక పట్టినది పసుపు లేక బంగారువన్నెగాను, అన్నభేది తగిలినది పచ్చదనము కలిసిన గోధుమవన్నెగాను కనబడును. ఉల్లిరకమును బట్టి ఛాయ మారును. ఇనుప, అల్యూమినియము పాత్రలు వాడరాదు. ఆ లోహములే రంగును మార్చును. స్టీలు పాత్ర మేలు, కాని దానిని మరల వంటకు వాడరాదు. అన్నభేది ఎక్కువైనచో ఉన్ని పెళుసగును.

నూలు సెల్యులోజు గనుక పటికను ఉన్నివలె సులభముగా గ్రహింపదు. అందుచేతనే మచిలీపట్నపు కలంకారీలో బట్టను ముందుగా కరక్కాయ రసములో ముంచుదురు. కరక్కాయలోని టానిన్లు లోహమును నూలునకు కట్టివేయును. అచటి ఎరుపునకు పూర్వము ఆధారము చిరివేరు. దానిలో అలిజరిన్ కలదు.

1856లో విలియం పెర్కిన్ తన పదునెనిమిదవ యేట మొదటి అనిలిన్ రంగును కనుగొనెను. ఆ వెనుక వచ్చిన చౌకరంగులలో పెక్కు ఎండకు వెలిసిపోయి, మనదేశపు తివాచీల పేరునకు మచ్చ తెచ్చినవి. కాని 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేసిన అలిజరిన్ వేరులోని అలిజరినే. పుట్టుక వేరైనను అణువు ఒకటే. కాబట్టి వేరునుండి వచ్చిన రంగు లెల్ల నిలుచుననియు, కర్మాగారపు రంగులెల్ల పోవుననియు తలచుట పొరపాటు. ఉల్లిరంగు సైతము ఎండకు క్రమముగా వెలయును.

పాఠశాలలో దీనిని పరీక్షించుట తేలిక. ఒక్కొక్క చిలుపలో సగమును దట్టమైన కాగితముతో కప్పి రెండు వారములు ఎండలో నుంచి, కప్పిన భాగముతో పోల్చి వ్రాసికొనవలెను. తివాచీ కొనువాడు దానిని ఏండ్ల తరబడి నేలపై పరచుకొనును. నేతగాని నెలల శ్రమ ఆ వన్నె నిలుచుటపై ఆధారపడియున్నది.