పరుగెత్తేవాడు చదవగల గోడపత్రిక

ఆమదాలవలస రైల్వేస్టేషనులో పేరు పలకను చూడండి. పసుపు రంగుమీద నల్లని లావు అక్షరాలతో "శ్రీకాకుళం రోడ్" అని ఉంటుంది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ అదే మాట. బొమ్మలు లేవు, పూలతీగెలు లేవు. ఆగకుండా వెళ్లే బండిలోనివారు కూడా అది ఏ ఊరో తెలుసుకుంటారు.

ఇప్పుడు మన సువార్త కూటముల పోస్టరు చూద్దాము. పైన ప్రసంగీకుల ఫొటోలు, వారి బిరుదులు, కింద ఆహ్వానించే కమిటీవారి పేర్లు. తేదీ, స్థలము అట్టడుగున చీమలబారులా మిగులుతాయి. సైకిలుమీద పోయేవాడు ముఖాలు చూస్తాడు గాని, ఎక్కడికి, ఎప్పుడు రావాలో తెలియకుండానే దాటిపోతాడు.

దేవుడు హబక్కూకు ప్రవక్తకు దర్శనమును రాయమన్నప్పుడు (2:2) పరుగులో ఉన్నవాడికి సైతం అర్థమయ్యేంత స్పష్టత కోరాడు. పిలాతు సిలువకు పెట్టించిన పైవిలాసము సంగతి యోహాను 19:20లో ఉంది. అది మూడు భాషల్లో ఉంది, ఆ స్థలము పట్టణానికి దగ్గర, అందుచేత చాలామంది చదివారు. కొద్ది మాటలు, జనము ఎరిగిన భాష, జనము నడిచే చోటు. మంచి గోడపత్రికకు ఈ మూడూ కావాలి.

మన చదువరులు ఎవరు? 2011 జనాభా లెక్కల ప్రకారము శ్రీకాకుళం జిల్లాలో అక్షరాస్యత సుమారు 62 శాతము. అంటే ఏడేళ్లు, ఆపై వయసువారిలో నూటికి 38 మంది చదవలేనివారే. వారి కోసము ఒక బొమ్మ ఉండాలి. ఒక్కటే, పెద్దది. 1995లో పల్స్ పోలియో మొదలైనప్పటి నుండి ఆ ప్రచారము "రెండు చుక్కలు" అన్న మాటను ఇంటింటికీ చేర్చింది. ఏమీ చదువుకోని తల్లికి కూడా ఆదివారము బిడ్డను తీసుకువెళ్లాలని అర్థమైంది. 2014 మార్చి 27న మన దేశము పోలియో లేని ప్రాంతములో చేరినట్టు ధ్రువీకరణ వచ్చింది. అందుకు కారణము టీకా, దానిని మోసిన కార్యకర్తలు. ఆ టీకా వద్దకు జనాన్ని రప్పించడంలో సూటి మాటకు కూడా పాలున్నది.

భాష విషయములో మన జిల్లావారే మనకు గురువు. 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు, జనము మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడారు. సవరల భాషను సైతం నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. కాబట్టి "విచ్చేసి జయప్రదము చేయ ప్రార్థన" అనే చోట "రండి" అంటే చాలు.

ఒక ఉదాహరణ. స్త్రీల సమాజమువారు క్షయ గురించి పోస్టరు వేయాలనుకున్నారు అనుకుందాము. వ్యాధి చరిత్ర అంతా అక్కరలేదు. "రెండు వారాలు దాటినా దగ్గు తగ్గలేదా? తెమడ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితము." ఇంతే. దగ్గుతున్న మనిషి బొమ్మ ఒకటి. నెల రోజులుగా దగ్గుతూ కూలికి పోతున్న తల్లికి ఈ మాట అందితే ఆమె బ్రతుకుతుంది, ఆమె పిల్లలకు ఆ జబ్బు అంటే ప్రమాదము తగ్గుతుంది. అందకపోతే ఎన్ని రంగులు వేసినా వృథాయే.

గీసే యౌవనస్థులకు కొన్ని సూచనలు:

ముందుగా ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడింటిని చిన్న కాగితముమీద రాసుకోండి. ముఖ్యమైన మాట అన్నిటికంటే పెద్దదిగా ఉండాలి.

పది అడుగుల దూరానికి అంగుళము ఎత్తు అక్షరము అని లెక్క వేసుకోండి. ముప్పై అడుగుల అవతలనుండి చదవాలంటే మూడు అంగుళాలు.

తెలుగుకు వత్తులు కింద, గుడులు పైన వస్తాయి. వరుసల మధ్య చోటు వదలకపోతే రెండూ కలిసిపోతాయి.

పసుపుమీద నలుపు, తెలుపుమీద ముదురు నీలము బాగా కనిపిస్తాయి. ఆకుపచ్చమీద ఎరుపు కొందరి కళ్లకు అసలు ఆనదు.

తేదీతోపాటు వారము పేరు కూడా రాయండి. "చర్చి వద్ద" అంటే కొత్తవారికి తెలియదు. ఏ వీధో, దేని పక్కనో చెప్పండి.

గోడ యజమానిని అడిగి అంటించండి. కూటములు ముగిశాక మీరే తీసివేయండి. చిరిగి వేలాడే పోస్టరు మన సాక్ష్యానికి మచ్చ.

అచ్చుకు ఇచ్చేముందు ఇరవై అడుగుల దూరములో పెట్టి, ఒక బడి పిల్లవాడికి, చదువురాని ఒక అవ్వకు చూపించండి. "ఏమి అర్థమైంది?" అని అడగండి. వారు తడబడితే తప్పు వారిది కాదు, కాగితానిది.

బాప్తిస్మమిచ్చు యోహాను తనను తాను చూపించుకోలేదు. రాబోయేవానివైపు వేలు చూపాడు. మన గోడపత్రిక పని కూడా అదే. మన పేర్లు కొన్ని తగ్గనీయండి. దారినపోయే ఒక్కరైనా చదువుకుని లోపలికి వస్తే ఆ కాగితము తన సేవ చేసినట్టే.