దవడ బాధకు పదిహేడు ప్రశ్నలు

హనువు అనగా దవడ. చెవికి ముందు వేలు ఆనించి నోరు తెరచి మూసినప్పుడు లోపల కదలాడేదే హనుసంధి. ఇది పట్టివేయడాన్ని చరక సంహిత వాతవ్యాధి చికిత్సాధ్యాయంలో హనుగ్రహమన్నారు. నాలుకను అతిగా గీయడం, ఎండు పదార్థాలను నమలడం, దెబ్బ తగలడం దవడ జారడానికి కారణాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు.

ఈ బాధ రోగి దైనందిన జీవితాన్ని ఎంతవరకు అడ్డగిస్తున్నదో కొలిచే ప్రశ్నావళిని 1993లో నెదర్లాండ్స్‌కు చెందిన స్టెగెంగా, ఆయన సహచరులు ప్రకటించారు. అందులో ప్రశ్నలు 17. నమలడం, మాట్లాడడం, నవ్వడం, ఆవులించడం వంటి పనులను గురించి 11, ఆహార పదార్థాలను గురించి 6. ఇబ్బంది లేకుంటే సున్న, అసాధ్యమైతే 4. దీని పోర్చుగీసు రూపాన్ని బ్రెజిల్ పరిశోధకులు పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు.

భాష మార్చినంత మాత్రాన ప్రశ్నావళి సిద్ధమైనట్లు కాదు. అనువదించిన దానిని, మూలం చూడని మరొకరి చేత తిరిగి మూలభాషలోకి మార్పించి రెండింటినీ పోల్చాలి. ఒకే రోగిని కొన్ని దినాల తరువాత మరల అడిగితే, బాధ మారనప్పుడు జవాబు కూడా మారరాదు. ఒకే విషయాన్ని కొలిచే ప్రశ్నలకు వచ్చిన జవాబులు పరస్పరం పొందిక కలిగి ఉండాలి. మన వైద్యుల ప్రశ్నపరీక్షకు ఇంతటి గణితం లేదు. ఉండి ఉంటే మేలే జరిగేదని నా అభిప్రాయం.

దీనినే మా అనంతపురం పల్లెకు తెచ్చామనుకోండి. ఆహారపు ప్రశ్నలలో గట్టి బిస్కత్తు, మాంసం, పచ్చి క్యారెట్, ఫ్రెంచి రొట్టె, వేరుశనగ లేదా బాదం, ఆపిల్ ఉన్నాయి. వేరుశనగకు మా జిల్లాలో ఎవరూ వివరణ అడగరు. ఫ్రెంచి రొట్టె ఎవరెరుగుదురు? ఆపిల్ మా పల్లెల్లో జబ్బుపడినవారిని పలకరించడానికి తెచ్చే పండు. వాటి స్థానంలో ఆరిన జొన్నరొట్టె, చెరుకు, వేయించిన శనగలు అడగవలసి ఉంటుంది. ఇక మెత్తని ఆహారం నమలగలరా అన్న ప్రశ్న ఉన్నది. రాగిసంగటిని మేము నమలము, ముద్ద చేసి పులుసులో అద్ది మింగుతాము. దవడ కదలని రైతు కూడా సంగటికి “ఏ ఇబ్బందీ లేదు” అంటాడు, లెక్కలో బాధ తగ్గినట్లు కనిపిస్తుంది! ముద్దు పెట్టుకోవడాన్ని గురించి కూడా ఒక ప్రశ్న ఉన్నది. మా పెద్దమనుషులు దానిని విని తల దించుకొంటారు. ఆ ఖాళీని సున్నగా లెక్కించడం పొరపాటు. “పర్వాలేదు” అన్న మాట మరీ చిక్కు. కొందరికి అది బాధ లేదని, కొందరికి ఓర్చుకొంటున్నానని. చదువురాని వారికి ప్రశ్నను చదివి వినిపించేవారు ఈ తేడాను గుర్తించాలి.

మరొక ముఖ్య విషయం. ఇబ్బంది ఎంత ఉన్నదో ప్రశ్నావళి చెబుతుంది, ఎందుకు కలిగిందో చెప్పదు. వక్క, గుట్కా నమిలేవారికి బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు తెరచుకోదు. కారం తగిలితే మంట పుడుతుంది. ఇది హనుగ్రహం కాదు, క్యాన్సరుగా మారే అవకాశమున్న వ్యాధి. వీరు నూనె మర్దనాలతో కాలం గడపక ఆ అలవాటు వెంటనే మాని దంతవైద్యుని చేరాలి. గాయం తరువాత దవడలు బిగుసుకుపోతే ధనుర్వాతమని శంకించి ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇట్టి అనుమానాలు లేక కేవలం నొప్పి, బిగువు మాత్రమే ఉన్నవారు గోరువెచ్చని నువ్వులనూనెను చెవి ముందు భాగాన మృదువుగా రాసి, వేడినీటిలో పిండిన గుడ్డతో కాపడం పెట్టుకోవచ్చును. కొన్నాళ్ళు చెరుకు, ఎండు రొట్టె మానాలి. ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద చేయి ఆనించాలి. మీ మూడు వేళ్ళు నిలువుగా నోట పట్టకపోతే ఇంట ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి.